గొలుసు పట్టింది మనం, పుస్తకం రాసింది వాళ్ళు

మన ఊళ్ళల్లోకి మళ్ళీ ఒక కొత్త మాట వచ్చింది. బ్లాక్‌చెయిన్. భూముల రికార్డులు దాంట్లో పెడితే ఒక్క అక్షరం కూడా ఎవరూ మార్చలేరని చెబుతున్నారు. సదస్సుల్లో చెబుతున్నారు. పేపర్లలో రాస్తున్నారు. బెంగుళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటూ పండక్కి ఊరికొచ్చిన మన పిల్లలూ చెబుతున్నారు.

మొన్నామధ్య మా గేరిలో చింతచెట్టు కింద ఈ మాటే నడిచింది. చదువుకున్న పిల్లోడొకడు ఉత్సాహంగా వివరిస్తున్నాడు. పక్కనే కూర్చున్న ముసలాయన, ఒకప్పుడు సర్వే వాళ్ళ వెంట తిరిగి గొలుసు లాగినాయన, 'చెయిన్' అన్న మాట ఒక్కటి పట్టుకున్నాడు. "ఏందప్పా, మల్లా గొలుసు తెస్తుండారా? మా కాలంలో గొలుసు పట్టింది మేమే గదా. ముండ్లల్లో, రాళ్ళల్లో ఈడ్చినాం. కొలిచినాక పుస్తకం రాసింది కరణం. ఆ పుస్తకంలో మా పేరు యాడుంది?" అన్నాడు. అందరూ నవ్వినారు. పిల్లోడూ నవ్వినాడు. జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ జవాబు కోసమే ఈ సంపాదకీయం.

అసలు ఇది ఏమిటి?

ముందు దీన్ని సరిగ్గా తెలుసుకుందాం. తెలియనిదాన్ని మెచ్చుకోవడం ఎంత తప్పో, తెలియనిదాన్ని తిట్టడమూ అంతే తప్పు.

మన ఆడవాళ్ళ పొదుపు సంఘం పుస్తకాన్ని గుర్తు చేసుకోండి. పది మంది సభ్యులు, ఒకటే పుస్తకం. అది లీడరు ఇంట్లో ఉంటుంది. లీడరు మంచిదైతే లెక్క మంచిది. కాకపోతే ఒకచోట సున్నా చేరుతుంది, ఇంకోచోట పేరు పోతుంది. ఇప్పుడు అదే పుస్తకం పదిమంది దగ్గరా తలా ఒకటి ఉందనుకోండి. ఎవరు అప్పు తీసుకున్నా, ఎవరు కట్టినా పది పుస్తకాల్లోనూ ఒకేసారి రాయాలి. ఒకామె తన పుస్తకంలో దొంగలెక్క రాస్తే మిగతా తొమ్మిది పుస్తకాలూ ఆమెను పట్టిస్తాయి. ఇది మొదటి సంగతి.

రెండో సంగతి. ఆ పుస్తకంలో ప్రతి పేజీకీ వేలిముద్ర లాంటి గుర్తు ఒకటి ఉంటుంది. పేజీలో ఉన్న అక్షరాలను బట్టి కంప్యూటరే లెక్కకట్టి ఆ గుర్తు తీస్తుంది. ఒక్క అక్షరం మారినా గుర్తు మొత్తం మారిపోతుంది. ప్రతి పేజీ మొదట్లో దాని ముందు పేజీ గుర్తు రాసి ఉంటుంది. కాబట్టి ఎప్పటిదో పాత పేజీలో చెయ్యిపెడితే, ఆ తరువాతి పేజీలేవీ దానికి అతకవు. దొంగతనం బయటపడుతుంది. పేజీకి పేజీ కట్టిన ఈ గొలుసే బ్లాక్‌చెయిన్.

2008లో సతోషి నకమోటో అనే మారుపేరుతో వచ్చిన ఒక పత్రంలో ఈ పద్ధతి వివరంగా కనబడింది. 2009 జనవరిలో బిట్‌కాయిన్ అనే కంప్యూటర్ డబ్బుతో అది ఆచరణలోకి వచ్చింది. డబ్బు లెక్కకు పనికొచ్చింది భూమి లెక్కకు పనికిరాదా, పరిశ్రమల్లో సరుకు లెక్కకు, ప్రభుత్వాల్లో సర్టిఫికెట్లకు పనికిరాదా అని ఆ తరువాత అందరూ ఆలోచించినారు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఈ పద్ధతి వేరు, దీని పేరు చెప్పి సెల్‌ఫోన్లో "కాయిన్ కొనండి, ఆరు నెలల్లో రెట్టింపు" అని వల వేసేవాళ్ళు వేరు. వాళ్ళ మాట విని కూలిడబ్బులు పోగొట్టుకోకండి.

దిద్దిన రాతలకు బలైంది మనమే

ఈ యంత్రాన్ని చూసి మనం భయపడాల్సిన పనిలేదు. రికార్డు దిద్దడం వల్ల ఎక్కువ నష్టపోయింది ఎవరు? రికార్డు చదవడం రానివాళ్ళు. అంటే మనం.

1800లో నిజాం నవాబు మన సీమను ఇంగ్లీషువాళ్ళకు దత్తం చేసినాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉండి పొలం పొలం కొలిపించి, రైతు పేరున శిస్తు కట్టించే రైత్వారీ పద్ధతికి ఇక్కడ పునాది వేసినాడు. కర్నూలు ఆ తరువాత 1839లో వాళ్ళ కిందికి పోయింది. తరువాతి సర్వేల్లో 66 అడుగుల గొలుసు వాడినారు. దానికి 100 లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరా. బడిలో నేను పిల్లలకు ఈ లెక్క చెబుతాను. చెబుతున్నప్పుడల్లా మా ముసలాయన మాట గుర్తొస్తుంది. గొలుసు ఈడ్చింది ఒక కులం, కలం పట్టింది ఇంకో కులం.

కరణం ఇంట్లో పెట్టెలో ఊరు మొత్తం ఉండేది. తోటి మాన్యం, నీరటి మాన్యం, వెట్టి మాన్యం అని మన పెద్దలకు చాకిరీకి బదులుగా ఉన్న తుండు భూములు కూడా ఆ పెట్టెలోనే ఉండేవి. ఇలాంటి భూమి గౌరవం ఇచ్చేది కాదు, వెట్టికి కట్టేసేది అని బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో మహార్ వతన్ గురించి బిల్లు పెట్టి పోరాడినాడు. మన దగ్గర 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులు రద్దు చేసింది. పెట్టె ఇల్లు మారింది. పెట్టెలోని రాత మారలేదు.

తరువాత కంప్యూటర్లు వచ్చినాయి. వెబ్‌ల్యాండ్ వచ్చింది, 2015లో మీభూమి వచ్చింది. ఇంట్లో కూర్చుని అడంగలు చూసుకోవచ్చు, మంచిదే. కానీ రాత్రికి రాత్రే పేరు మారిపోయిందని నెత్తిన గుడ్డేసుకుని మండలాఫీసుకు పరిగెత్తిన మనుషులు ఏ ఊళ్ళో లేరు చెప్పండి?

కాగితం సంగతి ఇంకా ఘోరం. 2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్ళు కాలిపోయినాయి. ప్రభుత్వమే అనుమానపడి కేసును సి.ఐ.డి. చేతికిచ్చింది. ఎవరు చేసినారో కోర్టు తేలుస్తుంది. మనం గమనించాల్సింది ఒకటే. ఒక ఆఫీసులో ఒకే ప్రతి ఉంటే ఒక అగ్గిపుల్ల చాలు. పదిచోట్ల పది ప్రతులుంటే ఎన్ని అగ్గిపుల్లలు గీస్తారు?

కాబట్టి నాలుగు చోట్ల నాలుగు ప్రతులుండి, పాత పేజీ దిద్దితే వెంటనే తెలిసిపోయే పద్ధతి వస్తే దాన్ని మొట్టమొదట అడగాల్సింది మనమే. ఇది ధనవంతుల ఆటవస్తువు అని చేతులు దులుపుకోవద్దు.

ఇంత మంచి చెప్పినాక అసలు ప్రశ్నకు వస్తాం. మొదటి పేజీ ఎవరు రాస్తారు?

మొదటి పేజీ

మా తరంలో గేరి నుంచి బడికి పోయిన పిల్లలను అడగండి, పుట్టినరోజు ఎప్పుడని. సగం మందికి జూన్, జూలైల్లోనే ఉంటుంది. ఆ నెలల్లో పుట్టినందువల్ల కాదు. బడిలో చేర్చిన రోజు మా అమ్మనాయనలు "కరువు పన్లు జరిగినప్పుడు పుట్టినాడు సామీ" అంటే, అయ్యవారు వేళ్ళు లెక్కపెట్టి ఒక తేదీ రాసినాడు. నా పదో తరగతి సర్టిఫికెట్లో, డిగ్రీలో, సర్వీసు రిజిస్టర్లో, ఆధార్లో అదే తేదీ. రేపు దాన్ని బ్లాక్‌చెయిన్లో పెడితే ఆ తేదీని ఎవరూ మార్చలేరు. అంతమాత్రాన అది నిజమవుతుందా?

ఈ యంత్రం చేసే పని అదే. రాసినదాన్ని కాపాడుతుంది. రాసింది నిజమో కాదో దానికి తెలియదు. చేనులోకి దిగి ఎవరు దున్నుతున్నారో చూడదు. గట్టు మీద నిలబడి ఎవరు ఏడుస్తున్నారో వినదు.

మా నాయన సంగతి చెబుతాను. 1976లో గుట్టకింద రెండెకరాల నలభై సెంట్లు డి.కె.టి. పట్టా ఇచ్చినారు. మా అమ్మా నాయనా రెండేండ్లు రాళ్ళు ఏరి కట్టవేసి కొర్ర, కంది వేసినారు. ఆ తరువాత ఒక కరువేడు అక్క పెండ్లికని ఊరాయన దగ్గర ఎనిమిది వందలు అప్పు తెచ్చి, అప్పు తీరేదాకా చేను ఆయన్ను దున్నుకోమన్నారు. అప్పు తీరిందని ఆయన ఏనాడూ అనలేదు. ముందు అడంగల్లో అనుభవదారు కాలంలో ఆయన పేరు ఎక్కింది. కొన్నేండ్లకు పట్టాదారు కాలంలోనూ ఎక్కింది. నేను టీచరు ఉద్యోగం వచ్చినాక ట్రంకుపెట్టెలోని పట్టా తీసుకుని ఆఫీసుకు పోతే అక్కడి గుమస్తా కంప్యూటర్ తిప్పి చూపించినాడు. "సిస్టంలో ఆయన పేరే ఉంది సార్. మేమేం చేయలేం" అన్నాడు. మా నాయన బతికున్నన్ని రోజులూ ఆ చేను మీదుగా నడిచే దారి వదిలి చుట్టూ తిరిగి పోయినాడు.

1977 అసైన్డ్ భూముల చట్టం ఏం చెబుతుంది? పేదలకిచ్చిన భూమిని కొనడం, కుదువ పెట్టుకోవడం, ఇంకేవిధంగా రాయించుకున్నా చెల్లదు అంటుంది. ఆ భూమిని వెనక్కి తీసి అసలు పట్టాదారుకు అప్పగించాలంటుంది. అంటే ఊరాయన పేరు ఆ కాలంలో ఉండడమే చట్టవిరుద్ధం. ఇప్పుడు ఆలోచించండి. అట్లాంటి రాతను ఉన్నదున్నట్టు ఎత్తి గొలుసులో వేసి తాళం వేస్తే ఏమవుతుంది? నిన్నటిదాకా అది దొంగరాత. రేపట్నుంచి అది 'ఎవరూ మార్చలేని రికార్డు'. దొంగతనానికి రాజముద్ర పడినట్టే.

పాత రాతలు ఎంత మొండివో చెప్పడానికి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. వందేళ్ళ కిందటి రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లో కొన్ని సర్వే నెంబర్లకు పట్టాదారు కాలంలో పేరు రాయకుండా చుక్కలు పెట్టి పోయినారు. అవే చుక్కల భూములు. ఎవరో గుమస్తా పెట్టిన ఆ చుక్కలు పట్టుకుని తాతల నాటి నుంచి దున్నుకుంటున్న వాళ్ళ భూములను నిషేధిత జాబితాలో పడేసినారు. ఆ చుక్కలు చెరపడానికి 2017లో ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. కలం చుక్కే వందేళ్ళు బతికితే గొలుసులో వేసిన చుక్క ఎన్నేళ్ళు బతుకుతుంది?

మన రాష్ట్రంలో, మన చుట్టుపక్కల జరిగింది

ఈ ప్రయోగం మన రాష్ట్రానికి కొత్త కాదు. 2017లోనే భూమి రికార్డులకు, రవాణా శాఖకు బ్లాక్‌చెయిన్ వాడతామని ప్రభుత్వం చెప్పింది. స్వీడన్ కంపెనీ క్రోమావేతో, హైదరాబాదు కంపెనీ జెబీతో రాజధాని అమరావతి భూముల మీద ప్రయత్నాలు జరిగినాయి. అదే అమరావతిలో భూసమీకరణ చేసినప్పుడు పట్టాభూమి ఎకరాకు ఇస్తామన్నంత స్థలం అసైన్డ్ భూమి ఎకరాకు ఇస్తామనలేదు. నేల ఒకటే, చెమట ఒకటే, పట్టా రంగు వేరు. ఆ లెక్కను ఏ గొలుసులో వేసినా అది తప్పు లేకుండా, అక్షరం మారకుండా ఆ అన్యాయాన్నే దాచిపెడుతుంది.

2020 డిసెంబరులో రాష్ట్రమంతా భూముల రీసర్వే మొదలైంది. గొలుసు పోయి డ్రోన్లు, రోవర్లు వచ్చినాయి. భూమి హక్కుల చట్టం, అదే ల్యాండ్ టైట్లింగ్ చట్టం, 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. రిజిస్టర్లో పేరు ఎక్కినాక రెండేళ్ళలో అభ్యంతరం చెప్పకపోతే ఆ పేరే ఖాయం అన్నది దాని సారం. పేపరు చూసేవాడికి, వకీలును పెట్టుకోగలిగినవాడికి రెండేళ్ళు చాలు. సుగ్గికి వలసపోయి ఆరునెలలకు ఊరికొచ్చేవాళ్ళకు చాలతాయా? జనం భయపడినారు, వకీళ్ళు కోర్టులు బహిష్కరించినారు, 2024 ఎన్నికల్లో అదే పెద్ద మాటయింది. ఆ ఏడాదే కొత్త ప్రభుత్వం చట్టాన్ని రద్దు చేసింది. చట్టం పోయింది. కానీ రీసర్వేలో పడిన తప్పులు? విస్తీర్ణం తగ్గిందని, నలుగురి భూమి ఒకే నెంబర్లో కలిపేసినారని 2024 డిసెంబరులో మొదలైన రెవెన్యూ సదస్సుల్లో జనం అర్జీలు పట్టుకుని నిలబడినారు.

పక్క రాష్ట్రం చూడండి. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి పెట్టినారు. అది బ్లాక్‌చెయిన్ కాదు, కానీ పాఠం మనదే. తొందరపడి పాత తప్పులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించినారు. అనుభవదారు కాలం తీసేసినారు. తప్పు దిద్దే అధికారం కింది ఆఫీసులో లేకుండా చేసినారు. ఒక్క అక్షరం కోసం రైతులు కలెక్టరాఫీసుల చుట్టూ తిరిగినారు. చివరికి దాన్ని పక్కనపెట్టి 2025 ఏప్రిల్ 14న, అంబేద్కర్ జయంతి రోజున, భూభారతి తెచ్చినారు.

పరదేశాల్లోనూ ఇదే కథ. జార్జియా దేశం 2016లో బ్లాక్‌చెయిన్లో భూమి రికార్డులు పెట్టడం మొదలుపెట్టి మంచిపేరు తెచ్చుకుంది. ఎందుకంటే అంతకు ముందే చాలా ఏళ్ళు కష్టపడి రిజిస్ట్రీని, ఆఫీసులను బాగుచేసుకుంది. హోండురాస్ దేశంలో 2015లో పెద్దగా ప్రకటించినారు. అక్కడ పని ముందుకు సాగలేదు. ఇల్లు ఊడ్చినోళ్ళకు తాళం ఉపయోగపడింది. ఊడ్వనోళ్ళకు తాళం ఏం చేస్తుంది?

ఇప్పుడే ఎందుకు ఈ తొందర?

మనకిచ్చిన భూములు రాళ్ళ భూములు, గుట్ట వాలు భూములు. ఊరాయనకు అవసరం లేనివి మాత్రమే మనకు పట్టాలైనాయి. ఇప్పుడు కాలం తిరగబడింది. గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. కడప జిల్లా మైలవరం వైపు కూడా సోలారే. గాలిమరలు, రోడ్లు, పరిశ్రమలు అన్నీ ఆ రాళ్ళ భూముల వైపే చూస్తున్నాయి. జొన్న పండదన్న చోట ఇప్పుడు కరెంటు పండుతోంది. పరిహారం ఎవరికి? రికార్డులో పేరున్నవాడికి.

దానికితోడు 2023లో చట్టం సవరించి, ఇరవై ఏళ్ళు నిండిన అసైన్డ్ భూమిని అసలు పట్టాదారుడు గానీ వారసులు గానీ అమ్ముకోవచ్చన్నారు. అక్రమాలు జరిగినాయని 2024లో వచ్చిన ప్రభుత్వం ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ పెట్టింది. ఇట్లాంటి సందులోనే మనోళ్ళ వేలిముద్రలు పోతుంటాయి. కాబట్టి మొదటి పేజీ ఎవరిదన్న ప్రశ్నకు రేపు కాదు, ఈరోజే జవాబు రావాలి.

పుస్తకాలు పది, బీరువా ఒకటైతే?

ఇంకో రెండు మాటలు గట్టిగా అడగాలి.

ఒకటి, ప్రతులు ఎవరి దగ్గరుంటాయి? ఈ పద్ధతి బలమంతా ఒకరినొకరు నమ్మనివాళ్ళ దగ్గర ప్రతులు ఉండడంలోనే ఉంది. ఐదు కంప్యూటర్లలో పెట్టి ఐదూ ఒకే శాఖ చేతిలో ఉంచితే అది పది పుస్తకాలు రాసి ఒకే బీరువాలో పెట్టినట్టు. బీరువా తాళం ఎవరిదో పుస్తకాలూ వాళ్ళవే. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

రెండు, తాళంచెవి ఎవరి చేతిలో ఉంటుంది? ఈ గొలుసులో మన భూమి మీద మన మాట చెల్లాలంటే ఒక రహస్య అంకె గానీ, ఫోనుకు వచ్చే నెంబరు గానీ, వేలిముద్ర గానీ ఉండాలి. మన ఊళ్ళల్లో ఏ.టి.ఎం. కార్డే వడ్డీవాడి దగ్గర కుదువ ఉంటుంది. ఫోను కొడుకు దగ్గర ఉంటుంది, కొడుకు హైదరాబాదులో ఉంటాడు. మట్టిపని చేసి అరిగిన వేళ్ళను రేషన్ మిషనే గుర్తుపట్టదు. అంకె ఎవరి చేతికి చిక్కితే భూమి వాళ్ళది అయ్యేటట్టుంటే మనం పాత కరణాన్ని తీసేసి కొత్త కరణాన్ని పెట్టుకున్నట్టే.

భూమి ఒక్కటే కాదు

మిగతా చోట్లా ఇదే సంగతి. 2022లో మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా ఎటపల్లిలో 65,000 కుల ధృవీకరణ పత్రాలను బ్లాక్‌చెయిన్లో పెట్టినారు. దొంగ సర్టిఫికెట్లతో మన సీట్లు, ఉద్యోగాలు కొట్టేసేవాళ్ళ మీద ఇది మంచి ఆయుధం. నిజంగా అర్హుడైన పిల్లోడు కాలేజీ కాలేజీకీ కొత్త కాగితం తెమ్మనే బాధ తప్పుతుంది. కానీ మొదటి విచారణలో దొంగకే సర్టిఫికెట్ ఇస్తే ఆ దొంగ కూడా ఖాయమైపోతాడు.

మన మిరప, పసుపు రైతుల సరుకు చేను నుంచి కొనేవాడి దాకా ఏ దారిన పోయిందో రాసే పద్ధతి కోసం 2021లో సుగంధద్రవ్యాల బోర్డు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థతో ఒప్పందం చేసుకుంది. ప్రయోగానికి మన రాష్ట్రాన్నే ఎంచుకున్నారు. మంచిదే. కానీ చేను యజమాని పేరు రాసే ఆ గొలుసులో కౌలుదారు పేరు, కాయ కోసిన కూలామె పేరు ఉంటాయా? అడగకపోతే ఉండవు.

మీ ఫోనుకు బ్యాంకు నుంచి వచ్చే మెసేజీ ఉందే, అది కూడా ఈ తరహా లెక్క దాటే వస్తుంది. మెసేజీలు పంపే కంపెనీలన్నీ ఇట్లాంటి ఉమ్మడి రిజిస్టర్లో నమోదు కావాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో నిబంధన పెట్టింది. అంత గొలుసు కట్టినాక కూడా మోసపు ఫోన్లు, దొంగ లింకులు ఆగినాయా? కొంత అదుపు వచ్చింది, మోసం ఇంకో దారి పట్టింది. యంత్రం సాయపడుతుంది. కాపలా మాత్రం మనుషులే కాయాలి.

మనుషుల కాపలా ఎట్లుంటుందో మన రాష్ట్రమే దేశానికి చూపించింది. 2006 నుంచి ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీ జరిగింది. ఎవరు ఎన్ని రోజులు పనిచేసినారు, ఎంత కూలి ఇచ్చినారు అన్నది ఊరందరి ముందు చదివినారు. గోడల మీద రాసినారు. చచ్చిపోయినవాళ్ళ పేరున కూలి రాసిన సంగతులు అట్లనే బయటపడినాయి. గోడ మీది రాతను ఊరంతా చూస్తుంది. అందరి కండ్లలోనూ ఒక ప్రతి ఉంటుంది. కంప్యూటర్ లేకుండానే మనం చేసుకున్న బ్లాక్‌చెయిన్ అది. ఆ పద్ధతిని భూమికి తెమ్మనే మన అడుగుడు.

మనం అడగాల్సినవి

1. గొలుసులో ఎక్కించే ముందు ప్రతి ఊళ్ళో రికార్డును గ్రామసభలో చదవాలి. సెంటర్లో ఒకసారి చదివితే సరిపోదు. మాలపల్లెలో, మాదిగపల్లెలో, ఎరుకల, సుగాలి ఇండ్ల దగ్గర విడిగా, కూలి నుంచి వచ్చినాక సాయంత్రం పూట పేరు పేరునా బిగ్గరగా చదవాలి. వలసపోయినవాళ్ళు తిరిగొచ్చే కాలం చూసి పెట్టాలి.

2. ముందు అసైన్‌మెంట్ రిజిస్టర్లు బయటికి తీయాలి. ఎవరికి ఇచ్చినారు, ఇప్పుడు ఎవరి పేరుంది, రెండూ పక్కపక్కన గోడ మీద రాయాలి. 1977 చట్టం ప్రకారం భూమి అప్పగించినాకనే ఆ సర్వే నెంబర్ గొలుసులో పడాలి.

3. అనుభవదారు కాలం ఉండాల్సిందే. తగాదా ఉన్న భూమికి 'తగాదాలో ఉంది' అని రాయాలి. తగాదాను దాచిన రికార్డు అబద్ధపు రికార్డు.

4. తప్పు దిద్దే దారి ఊరికి దగ్గరగా, ఖర్చు లేకుండా ఉండాలి. ఈ పద్ధతిలో పాత పేజీ చెరపలేకున్నా దిద్దుబాటును కొత్త పేజీగా చేర్చవచ్చు. ఎవరు చేర్చాలి, ఎన్ని రోజుల్లో చేర్చాలి అన్నది చట్టంలో రాయాలి.

5. ప్రతులు రెవెన్యూ శాఖ దగ్గరే కాకుండా కోర్టు, పంచాయతీ, విశ్వవిద్యాలయం లాంటి వేరు వేరు చోట్ల ఉండాలి. ఎవరైనా సరిచూసుకునే వీలుండాలి.

6. పట్టా మొగుడూ పెండ్లాం ఇద్దరి పేరునా ఉండాలి. ఒంటరి ఆడవాళ్ళ పేరు తప్పకుండా ఎక్కాలి.

7. ఫోను లేదని, వేలిముద్ర పడలేదని ఎవరి హక్కూ ఆగకూడదు. కాగితం పట్టా చెల్లుబాటు కావాలి.

రేపటి నుంచి మనం చేయాల్సినవి

అర్జీ ఇచ్చి ఊరుకుంటే కాదు. ఇంట్లో ట్రంకుపెట్టె తెరవండి. డి.కె.టి. పట్టా, పాసుపుస్తకం, శిస్తు రసీదు, ఏదున్నా మూడు జిరాక్సులు తీసి మూడు ఇండ్లల్లో పెట్టండి. మన గొలుసు మనమే మొదలుపెడదాం. మీ సర్వే నెంబరుకు అడంగలు, 1-బి, రీసెటిల్‌మెంట్ రిజిస్టర్ నకళ్ళు అడగండి. అసైన్‌మెంట్ రిజిస్టర్ నకలును 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. చదవడం రానివాళ్ళకు చదివిపెట్టేది గేరిలోని కాలేజీ పిల్లల బాధ్యత. బెంగుళూరు నుంచి వచ్చిన పిల్లోడికి నేను చెప్పింది కూడా ఇదే. "నాయనా, నీకు ఈ విద్య వచ్చు. దీన్ని మన ఊరి లెక్కకు వాడు. సెలవులో వచ్చినప్పుడు మన గేరి పట్టాలన్నీ ఒక పట్టీ రాయి" అన్నాను. ఒప్పుకున్నాడు. మొదట ఆ ముసలాయన ఇంటికే పోయినాడు.

మన భూమిని ఎవరైనా అక్రమంగా ఆక్రమిస్తే, మనల్ని దాంట్లోంచి గెంటేస్తే అది కేవలం సివిల్ తగాదా కాదు. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)లో ఎఫ్, జి క్లాజుల ప్రకారం అది నేరం. స్టేషన్లో "కోర్టుకు పొండి" అంటే ఆ సెక్షన్ చూపించండి. ఒంటరిగా పోవద్దు. పదిమంది కలిసి పోండి.

అన్నలారా, అక్కలారా! కొత్త యంత్రం వచ్చిన ప్రతిసారీ మనకు రెండు దారులు చూపిస్తారు. నమ్మి మొక్కు, లేదంటే భయపడి పారిపో. మనం మూడో దారిన పోదాం. దగ్గరికి పోయి, విప్పి చూసి, మొదటి పేజీ దగ్గర నిలబడదాం. రెండు వందల ఏళ్ళు గొలుసు ఈడ్చినోళ్ళం. ఈసారి కలం కూడా మన చేతికి రావాలి.

రాత సరిచేయండి, తరువాతనే తాళం వేయండి!

జై భీమ్!